ఇంట లేని తండ్రి, పిల్లల మనోవర్తి

వైనతేయ ఒడ్డున ఉన్న పి.గన్నవరంలోను, దాని చుట్టుపక్కల లంక గ్రామాలలోను, ఇటు అంబాజీపేట, అటు రాజోలు, మామిడికుదురు మండలాలలోను తండ్రి దగ్గర లేకుండా పిల్లలు పెరగడం ఈ తరంలో మొదలైన సంగతి కాదు. గోదావరి జిల్లా మగవారు కాకినాడ రేవులో ఓడ ఎక్కి రంగం వెళ్లడం, అంటే అప్పటి బర్మాలోని రంగూనుకు కూలికి పోవడం, పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధం నుంచి రెండో ప్రపంచయుద్ధం దాకా సాగింది; కోరంగి రేవు పేరు మీద అక్కడి తెలుగు కూలీలను కోరంగీలనే పిలిచేవారు. ఓడ ఎక్కినవారిలో అత్యధికులు మగవారే కావడంతో ఇక్కడి ఇళ్లలో తల్లులు, ముసలివారు, పిల్లలు మిగిలేవారు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించాక ఆ దారి మూసుకుపోగా, 1970ల చమురు సంపదతో కువైట్, మస్కట్, దుబాయి, దోహా దారులు తెరుచుకున్నాయి. ఈసారి ఒక తేడా వచ్చింది. కోనసీమలోని పేద కుటుంబాల నుంచి ఆడవారు కూడా ఇంటిపనికి కువైట్ వెళ్లసాగారు. దానితో ఇంట లేని తండ్రికి రెండు రూపాలు ఏర్పడ్డాయి. మొదటివాడు తాను విదేశానికి పోయి, తొలి రోజుల్లో పంపిన డబ్బును క్రమంగా తగ్గించి, చివరకు ఫోను నంబరు కూడా మార్చేసినవాడు. రెండవవాడు భార్య పరాయి దేశంలో అంట్లు తోమి పంపిన డబ్బును తాగుడుకు, పేకాటకు తగలేసి, పిల్లలను అమ్మమ్మ ఇంట వదిలి, తాను మాత్రం ఊళ్లోనే తిరిగేవాడు. ఇతడు రోజూ కంటికి కనబడతాడు కాబట్టి అతణ్ణి లేనివాడని ఎవరూ అనరు. బడి ఫీజు కట్టవలసిన నాడు, పిల్లకు జ్వరం వచ్చిన రాత్రి అతడూ లేనివాడే.

దూరదేశంలో ఉన్న ప్రతి తండ్రినీ ఈ లెక్కలో వేయడం అన్యాయం. ఎడారి ఎండలో పనిచేసి నెలనెలా డబ్బు పంపుతూ, రాత్రి వీడియో కాల్‌లో ఎక్కాలు అప్పజెప్పించుకునే తండ్రులు ఈ మండలంలోనే ఎందరో ఉన్నారు. చట్టం కూడా దూరాన్ని చూడదు. తగిన ఆదాయ మార్గం ఉండి, తమను తాము పోషించుకోలేని పిల్లలను పోషించడానికి నిర్లక్ష్యం చేసినా, నిరాకరించినా ఆ తండ్రి మీద దావా పుడుతుంది. ఇక్కడ మనోవర్తి అన్న మాటను కొంచెం వివరించాలి. ఒకరిని పోషించే బాధ్యత ఉన్నవారు ఆ పని మానినప్పుడు, తిండికి, బట్టకు, వసతికి, చదువుకు, వైద్యానికి నెలకు ఇంత ఇవ్వాలని న్యాయస్థానం విధించే సొమ్మును మనోవర్తి అంటారు. భరణం అన్నా అదే. అది దయ తలచి ఇచ్చేది కాదు, నెల తిరిగేసరికి చెల్లించవలసిన బాకీ. కోనసీమ ఇళ్లలో ఈ ఒక్క విషయం పట్టుబడకపోవడం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతోంది: తండ్రి పట్టించుకోకపోవడాన్ని తలరాతగానో, పరువు సమస్యగానో, కోపతాపాల వ్యవహారంగానో చూస్తారే తప్ప బాకీగా చూడరు.

బాకీల విషయంలో మన సంప్రదాయ ధర్మశాస్త్రం చాలా పట్టింపు గలదే. తండ్రి చేసిన అప్పును, అది దుర్వ్యసనాల కోసం చేసిన అప్పు కానంతవరకు, కొడుకు తీర్చాలన్న పవిత్ర బాధ్యత మితాక్షర న్యాయంలో శతాబ్దాలపాటు నిలిచి, 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణతో గాని తొలగలేదు. బిడ్డను పోషించడం తండ్రి ధర్మమని కూడా ఆ స్మృతులే చెప్పాయి. కాని ఆ ధర్మాన్ని పేదరాలు నేరుగా అడిగి రాబట్టుకునే దారి 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ చట్టంతో ఏర్పడింది. 1898 నాటి చట్టంలో 488వ సెక్షన్ నెలకు 50 రూపాయలకు మించి ఇప్పించరాదని హద్దు పెట్టగా, అది 1923లో 100కు, 1955లో 500కు పెరిగింది. 1973 చట్టంలోని 125వ సెక్షన్ కూడా ఆ 500 రూపాయల హద్దును అలాగే మోసుకొచ్చింది. బస్తా బియ్యం ధర ఎన్ని రెట్లు పెరిగినా బిడ్డ పోషణ వెల మాత్రం యాభై ఏళ్లకు చేరువగా కదలకుండా నిలిచిందన్నమాట! 2001 సవరణతో ఆ హద్దు పోయింది. 2024 జూలై 1 నుంచి అదే విధి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్‌గా కొనసాగుతోంది.

ఈ సెక్షన్ కింద మైనరు బిడ్డ, పెళ్లి లోపల పుట్టినా వెలుపల పుట్టినా, తండ్రి నుంచి మనోవర్తి కోరవచ్చు. శారీరక, మానసిక వైకల్యం వల్ల తనను తాను పోషించుకోలేని బిడ్డకు మైనారిటీ తీరిన తరువాత కూడా ఆ హక్కు ఉంటుంది. హిందూ దత్తత, మనోవర్తి చట్టం, అంటే 1956 నాటి చట్టం కింద పెళ్లికాని కూతురికి, ఆమె తనను తాను పోషించుకోలేని పక్షంలో, పెళ్లయ్యేవరకు హక్కు ఉంటుంది. ముస్లిం తండ్రి కూడా 125వ సెక్షన్ కింద తన పిల్లలను పోషించవలసినవాడేనని సుప్రీంకోర్టు 1997లో తేల్చింది. తల్లి తానున్న చోటనే దరఖాస్తు వేయవచ్చు. భర్త హైదరాబాదులో ఉన్నాడని ఆమె హైదరాబాదు పోనక్కరలేదు. కుటుంబ న్యాయస్థానం ఉన్న ప్రాంతంలో అక్కడ, లేనిచోట మొదటి తరగతి మేజిస్ట్రేటు దగ్గర ఈ దరఖాస్తు నడుస్తుంది. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం చెబుతోంది. ఆ సంస్థ ఫోను నంబరు 15100.

అయితే కోర్టుకు వెళ్లేముందు కోనసీమ కుటుంబం వెళ్లేది పెద్దమనుషుల దగ్గరికి. రామాలయం అరుగు మీదనో, ఎవరి పెరటి కొబ్బరిచెట్ల కిందనో కుర్చీలు వేసుకుని కూర్చున్న ఆ తగవులో సాధారణంగా రెండు రకాల తీర్పులు వస్తాయి. ఒకటి, ‘ఇంకో ఆరు నెలలు ఓపిక పట్టండమ్మా, వాడే దారికొస్తాడు’ అని వాయిదా వేయడం. రెండవది, ఒకేసారి కొంత సొమ్ము ఇప్పించి, ఇకమీదట తల్లికి గాని పిల్లలకు గాని అతనితో ఏ సంబంధమూ లేదని స్టాంపు కాగితం మీద రాయించి సంతకాలు, వేలిముద్రలు పెట్టించడం. తగవు చేసేవారి సదుద్దేశాన్ని శంకించనక్కరలేదు గాని, ఈ రెండవ కాగితం విషయంలో వారు తమకు లేని అధికారం చలాయిస్తున్నారు. మైనరు బిడ్డ మనోవర్తి బిడ్డ హక్కే గనుక దానిని తల్లి వదులుకుంటూ రాసిచ్చినా చెల్లదు. అందిన సొమ్మును లెక్కలో చూస్తారే తప్ప, ఆ కాగితం చూపించి తండ్రి తప్పుకోలేడు. ఇక మొదటి రకం తీర్పు వల్ల కలిగే నష్టం వెంటనే కనిపించదు. మనోవర్తిని దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్కగట్టి ఇప్పించాలని సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న రజనేష్, నేహా కేసులో చెప్పింది. ఓపిక పట్టిన ఆరు నెలలు ఆ లెక్కలోకి రావు. పెద్దలు మాట్లాడుతున్నంతసేపూ దరఖాస్తు ఒకటి కోర్టులో ఉండడం వల్ల రాజీకి వచ్చే హాని లేదు. నిజానికి చాలామంది తండ్రులు నోటీసు అందాకే అరుగు మీదికి వస్తారు.

అదే తీర్పు మరొక మేలు చేసింది. ఆదాయం, ఆస్తులు, అప్పులు, ఖర్చులు అన్నీ వివరిస్తూ ఇరుపక్షాలూ ప్రమాణపత్రం దాఖలు చేయాలని విధించింది. మధ్యంతర మనోవర్తి, అంటే కేసు తేలేలోగా ఇప్పించే సొమ్ము, నోటీసు అందిన 60 రోజుల్లో సాధ్యమైనంతవరకు తేల్చాలని చట్టం చెబుతుండగా, ‘నాకేమీ లేదు’ అన్న ఒక్క మాటతో తండ్రులు ఏళ్లు గడిపేవారు. కోనసీమలో ఈ మాట మరీ తేలిక, ఎందుకంటే ఇక్కడి ఆదాయానికి జీతం చీటీ ఉండదు. ఎకరం కొబ్బరితోట ఉన్నవాడికి సుమారు రెండు నెలలకొకసారి దింపు ఉంటుంది; దింపు కార్మికుడు చెట్టెక్కి దించిన కాయను రాశి పోసి, వెయ్యి కాయలకు ఇంత అని అంబాజీపేట ధర చూసుకుని వర్తకుడు కొనుక్కుపోతాడు. చేతికి వచ్చేది చాలాసార్లు నగదే. అలాంటప్పుడు తల్లి చూపగలిగినవి వేరే ఉంటాయి: మీభూమిలో దొరికే అడంగల్, 1-బి నకళ్లు, సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఇచ్చే ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల పట్టిక, తోట కౌలుకిచ్చి ఉంటే కౌలుదారు సాక్ష్యం, కాయ కొన్న వర్తకుడి చిట్టా. దీనికి తోడు, ఒళ్లు వంచి పనిచేయగల శక్తి ఉన్నవాడు సంపాదన లేదని చెప్పి తప్పించుకోజాలడని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది.

పిల్లలను మేనమామ చదివిస్తున్నాడు గదా అన్న వాదన కూడా ఇలాంటిదే. కోనసీమలో తండ్రి వదిలిన పిల్లల భారం చాలావరకు మేనమామ మీద, అమ్మమ్మ మీద పడుతుంది. మేనమామకు ఆ బాధ్యతను చట్టం అప్పగించలేదు, ప్రేమ అప్పగించింది. అతని మంచితనం తండ్రి బాకీకి చెల్లుచీటీ కాదు. తల్లి సంపాదిస్తుంటే మాత్రం పిల్లల ఖర్చును ఇద్దరి ఆదాయాల దామాషాలో పంచవచ్చునని రజనేష్ తీర్పు ఒప్పుకుంది, అది న్యాయమే.

ఉత్తర్వు చేతికి వచ్చాక అసలు ఇబ్బంది మొదలవుతుంది. ఇవ్వవలసిన సొమ్ము ఇవ్వకపోతే వారెంటు జారీ చేసి ఆస్తి నుంచి రాబట్టవచ్చు. అప్పటికీ ఇవ్వని ఒక్కొక్క నెల బకాయికి ఒక నెల దాకా జైలు విధించవచ్చు. జైలుకు పోతే బాకీ తీరినట్టేనన్న భ్రమ భర్తలలోనే కాదు, భార్యలలో కూడా ఉంది. జైలు బాకీ వసూలుకు ఒక సాధనమే తప్ప చెల్లింపు కాదని సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టం చేసింది. జైలు నుంచి వచ్చాక కూడా ఆ సొమ్ము ఇచ్చితీరాలి. ఇంకొక గడువును తల్లులు తప్పక గుర్తుంచుకోవాలి. బకాయి పడిన తేదీ నుంచి ఏడాదిలోపల అర్జీ పెట్టకపోతే ఆ నెల సొమ్ముకు వారెంటు దారి మూసుకుపోతుంది. బాకీ మాఫీ కాదు గాని, సులువైన దారి పోయి కష్టమైన దారి మిగులుతుంది. అందువల్ల బకాయిలను పోగు చేసి ఒకేసారి అడుగుదామనుకోవడం కన్న, ఏడాది తిరగకుండా అర్జీ పెట్టుకోవడం మేలు.

గల్ఫ్‌లో ఉన్న తండ్రి విషయంలో ఈ యంత్రాంగం ఒక్కసారిగా బలహీనపడుతుంది. మనోవర్తిని దేశాల సరిహద్దులు దాటించి వసూలు చేయడానికి 1956లో న్యూయార్కులోను, 2007 నవంబరు 23న హేగ్‌లోను అంతర్జాతీయ ఒప్పందాలు కుదిరాయి. భారతదేశం ఈ రెండింటిలోను చేరలేదు. లక్షలమంది పౌరులను పరదేశాలకు పంపే దేశం ఇలా వెలుపల నిలబడడం సమర్థించదగిన విషయం కాదు. ప్రస్తుతానికి చేతిలో ఉన్నవి రెండు. కోర్టు సమన్లు గాని వారెంటు గాని జారీ అయి ఉంటే 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 10వ సెక్షన్ కింద ఆ వ్యక్తి పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే అధికారం పాస్‌పోర్టు అధికారికి ఉంది. పాస్‌పోర్టు రద్దయితే ఉద్యోగమే పోయి, పిల్లలకు రావలసిన ఆ కాస్తా రాకుండా పోతుందన్న భయం ఉంది గనుక ఇది ఆఖరి ఆయుధం. రెండవది, అతడు ఎక్కడ ఉన్నా ఇక్కడే ఉండే భూమి.

భూమి సంగతిని కొంచెం నెమ్మదిగా చూడాలి. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో బిడ్డకు పుట్టుకతోనే వాటా వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన రాష్ట్ర సవరణ పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కు ఇవ్వగా, 2005 కేంద్ర సవరణ కూతుళ్లందరికీ ఇచ్చింది. మైనరు బిడ్డ తరఫున తల్లి భాగపంపిణీ దావా వేయవచ్చు. తండ్రి పిత్రార్జితాన్ని కుటుంబ అవసరానికి కాక తన విలాసాలకు అమ్మివేస్తే, కొన్నవాడు స్వాధీనం తీసుకున్న నాటి నుంచి 12 సంవత్సరాలలోగా ఆ అమ్మకాన్ని ప్రశ్నించవచ్చునని కాలపరిమితి చట్టం చెబుతోంది. అయితే తాత నుంచి వచ్చిన ప్రతి చెక్కా ఉమ్మడి ఆస్తి కాదు. 1956 తరువాత వారసత్వంగా సంక్రమించినది తండ్రి సొంత ఆస్తి కావచ్చు, కాబట్టి దస్తావేజులు చూడనిదే ఎవరూ హామీ ఇవ్వలేరు. సొంత ఆస్తి అయినా, దాని రాబడి నుంచి పిల్లలకు మనోవర్తి హక్కు ఉందని తెలిసి కొన్నవాడి మీద ఆ హక్కును నడిపించవచ్చునని ఆస్తి బదిలీ చట్టం 39వ సెక్షన్, మనోవర్తి చట్టం 28వ సెక్షన్ చెబుతున్నాయి. ‘తెలిసి’ అన్నది ఇక్కడ కీలకం. తోట బేరానికి వచ్చిందని ఊళ్లో చెప్పుకోగానే, కొనబోయేవాడికి వకీలు ద్వారా రిజిస్టరు నోటీసు పంపితే చాలాసార్లు ఆ బేరమే ఆగిపోతుంది.

తండ్రి ఇవ్వడు, కోర్టు ఆలస్యం చేస్తుంది, ఈలోగా బిడ్డ తినాలి. ఈ ఖాళీని పూరించడానికి జర్మనీ 1980 నుంచి ఒక పద్ధతి పాటిస్తోంది: తండ్రో తల్లో ఇవ్వని మనోవర్తిని ప్రభుత్వమే ముందుగా బిడ్డకు ఇచ్చి, తరువాత ఎగవేసిన వ్యక్తి నుంచి తాను వసూలు చేసుకుంటుంది, 2017 నుంచి దానిని 18 ఏళ్ల వయసు దాకా పొడిగించారు. మన దేశంలో సాయం ఉంది, వసూలు లేదు. ఎన్టీఆర్ భరోసా కింద ఒంటరి మహిళకు 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. మిషన్ వాత్సల్య పథకంలోని స్పాన్సర్‌షిప్ కింద, తల్లి వితంతువో, విడాకులు పొందినదో, కుటుంబం వదిలేసినదో అయి, ఏటా ఆదాయం గ్రామాలలో 72,000 రూపాయలకు మించకపోతే ఆ బిడ్డకు నెలకు 4,000 రూపాయలు అందవచ్చు. దానికి జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అర్జీ పెట్టాలి. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. వచ్చినవారికి లేదనకుండా అన్నం వడ్డించిన ఆ ఇల్లాలిది పి.గన్నవరం మండలంలోని లంకల గన్నవరమే. ఈ సాయాలన్నీ అవసరమైనవే, అయినా వీటిలో ఏదీ తండ్రి దగ్గర రూపాయి వసూలు చేయదు; ఎగవేసినవాడి భారం ప్రజల పన్ను మీదికి మారుతుంది, అంతే.

డబ్బు వసూలు చేయగలిగిన న్యాయస్థానం ప్రేమను వసూలు చేయలేదు. అమెరికా పరిశోధకురాలు పాలీన్ బాస్, వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలను 1970లలో పరిశీలించి, మనిషి పోయాడో ఉన్నాడో తేలని ఆ స్థితికి ‘అస్పష్ట వియోగం’ అనదగిన పేరు పెట్టింది. చావుకు కర్మకాండ ఉంటుంది, పదిమంది వచ్చి పలకరిస్తారు. దీనికి అవేవీ ఉండవు. ఆమె ఇందులో రెండు రకాలు చూపింది: మనిషి లేకపోయినా మనసులో ఉండిపోవడం ఒకటి, మనిషి ఎదుటనే ఉన్నా మనసు లేకపోవడం మరొకటి. కువైట్‌లో మాయమైన తండ్రి, ఊళ్లోనే ఉండి పట్టించుకోని తండ్రి ఈ రెండింటికీ సరిగ్గా అతుకుతారు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వలస పోయినవారంతా తిరిగివచ్చి పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని చూపించే వేళ, ఈ పిల్లల వెలితి ఊరందరికీ తెలుస్తుంది.

ఇలాంటి ఇళ్లలో పెద్దలు చేసే పొరపాట్లు రెండు తరచు కనబడతాయి. ‘పండక్కి నాన్న వస్తాడు’ అని ఏటా చెప్పడం మొదటిది; బిడ్డ కొన్నాళ్లకు తండ్రినే కాక చెప్పినవారిని కూడా నమ్మడం మానేస్తుంది. ‘నువ్వే ఫోన్ చేసి ఫీజు అడగరా, నువ్వడిగితే కాదనడు’ అని బిడ్డను వసూలుకు పంపడం రెండవది, ఇది మరింత హానికరం. ఆ తండ్రి ఫోను పెట్టేసినప్పుడు పిల్లవాడు దానిని ఫీజుకు జరిగిన నిరాకరణగా అనుకోడు, తనకే జరిగిందనుకుంటాడు. బాకీ అడగవలసినది తల్లి, ఆమె వకీలు, న్యాయస్థానం. బిడ్డకు చెప్పవలసినది వయసుకు తగిన నిజం: నాన్న ఎక్కడున్నాడో తెలిస్తే ఆ చోటు, తెలియకపోతే తెలియదన్న మాట, అందులో బిడ్డ తప్పు ఏమీ లేదన్న భరోసా. తండ్రిని రోజూ తిట్టిపోయడం కూడా మంచిది కాదు, ఎందుకంటే ఆ ముఖంలో సగం బిడ్డ ముఖమే.

కాగితాల మీద తండ్రి పేరు మరో చిక్కు. హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం తండ్రిని సహజ సంరక్షకుడిగా, అంటే కోర్టు నియమించకుండానే బిడ్డ తరఫున నిర్ణయాలు తీసుకోగల వ్యక్తిగా, ముందు పేర్కొని, అతని తరువాత తల్లిని చెప్పింది. ‘తరువాత’ అంటే అతడు చనిపోయాక అని కాదు, అతడు లేనప్పుడు అని అర్థమని, బాధ్యత పట్టనితనం కూడా లేకపోవడమేనని రచయిత్రి గీతా హరిహరన్ కేసులో 1999 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు వివరించింది. 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టు దరఖాస్తులో తల్లిదండ్రులలో ఒకరి పేరు సరిపోతుంది. ఒంటరి తల్లి బిడ్డకు పాన్ కార్డు మీద తండ్రి పేరు 2018 డిసెంబరు 5 నుంచి తప్పనిసరి కాదు. ఈ ఉత్తర్వులు ఢిల్లీలో వెలువడినంత వేగంగా గుమాస్తా బల్ల దాకా చేరవు. ‘ఫాదర్ సంతకం ఏదమ్మా’ అన్న ప్రశ్న ఇంకా వినబడుతూనే ఉంటుంది, కనుక మనోవర్తి ఉత్తర్వు నకలు ఒకటి తల్లి సంచిలో ఉండడం ఉపయోగం.

ఆ నకలును పిల్లలు పెద్దవారైన తరువాత కూడా భద్రపరచుకోవలసిన కారణం ఒకటి ఉంది. ఇరవై ఏళ్లపాటు ముఖం చూపించని తండ్రి, ఒంట్లో సత్తువ తగ్గాక ఊరు చేరి, ఉద్యోగంలో కుదురుకున్న కొడుకు మీదనో కూతురి మీదనో పోషణ కోరుతూ అర్జీ పెట్టవచ్చు. 144వ సెక్షన్ తల్లిదండ్రులకూ ఆ హక్కు ఇస్తుంది, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్ కూడా విచారిస్తుంది. సింగపూర్ 1995లో ఇలాంటి చట్టం చేసినప్పుడు, పిల్లలను విడిచిపెట్టిన, హింసించిన, నిర్లక్ష్యం చేసిన తల్లిదండ్రుల అర్జీని కొట్టివేయడానికి గాని సొమ్ము తగ్గించడానికి గాని ట్రిబ్యునల్‌కు స్పష్టమైన అధికారం ఇచ్చింది. భారతీయ చట్టంలో ఆ మాట లేదు. ముసలివాణ్ణి ఆకలికి వదలరాదన్న ధర్మాన్ని నిలుపుతూనే ఆ మాటను చేర్చవచ్చు. అది చేరేదాకా, పెద్దవాడైన ఆ బిడ్డ తన వాదన వినిపించడానికి ట్రిబ్యునల్ ముందు పెట్టగలిగినది అమలాపురంలోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో తన తల్లి ఒకప్పుడు సంపాదించిన ఉత్తర్వు, దాని వెనుక అతికించిన బకాయిల లెక్క.